పిల్లికి ఏ గ్యాడ్జెట్ ముందు కొనాలి? ఫిషింగ్ హార్బర్ పిల్లులు నేర్పిన లెక్క

“పిల్లి మెడకి కట్టడానికి మంచి జీపీఎస్ ట్రాకర్ ఏది బ్రో?” మా ఇంట్లో పిల్లి ఉందని తెలిసిన దగ్గర్నుంచి ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దాని తర్వాత ఆటోమేటిక్ ఫీడర్, ఆ తర్వాత పెట్ కెమెరా. ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి, టీకాలు ఏవి వేయించాలి అని అడిగినవాళ్లు మాత్రం ఒకరో ఇద్దరో.

వాళ్లని అనడానికి లేదు. నేనూ అలాగే మొదలుపెట్టా. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో దొరికిన ఒక ఆడ పిల్లికూనని ఇంటికి తెచ్చుకున్నా. పేరు పులస. తెచ్చిన నెలలోనే ఆన్‌లైన్‌లో జీపీఎస్ కాలర్ కొన్నా. స్టెరిలైజేషన్ ఆపరేషన్ మాత్రం “తర్వాత చూద్దాంలే” అని వాయిదా వేశా. దానికి ఆరు నెలలు నిండాయో లేదో, ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి కిటికీలోంచి దూకి వెళ్లిపోయింది. యాప్‌లో చుక్క మాత్రం ఒకే చోట కదలకుండా ఉంది. వెళ్లి చూస్తే ఒక కాలవ పక్కన కాలర్ పడి ఉంది, పిల్లి లేదు.

మూడో రోజు తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్లి, ఫోన్‌లో ఉన్న ఫొటో కనిపించిన ప్రతి ఒక్కరికీ చూపించా. చేపల బుట్ట దించుకుంటున్న ఒక పిన్ని ఫోన్ వైపు చూసి, “ఏటి బాబూ, ఈ పిల్లేనా? నిన్నట్నుంచీ ఆ ఐసు పెట్టెల కాడే తిరుగుతోంది” అంది. నిజంగానే అక్కడే ఉంది. వేలల్లో డబ్బు పెట్టిన కాలర్ చేయలేని పని, ఒక ఫొటో, ఒక మనిషి కలిసి చేశారు.

కథ అక్కడితో అయిపోలేదు. జూన్‌లో పులసకి నాలుగు కూనలు పుట్టాయి. ఒకటి బతకలేదు. రెండిటికి ఇళ్లు దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది. కాలర్ కొనడం తప్పు కాదు. కొన్న ఆర్డర్ తప్పు. ఈ ఆర్టికల్ ఆ ఆర్డర్ గురించే. మీ ఇంటి పిల్లికైనా, హార్బర్‌లో తిరిగే పిల్లికైనా ఏది ముందు, ఏది తర్వాత, ఏ గ్యాడ్జెట్ ఎలా పని చేస్తుంది, ఏది డబ్బు దండగ అనేది వరుసగా చూద్దాం.

61 రోజులు వర్సెస్ 65 రోజులు

ముందు హార్బర్ పిల్లుల పరిస్థితి అర్థం కావాలి. మామూలు రోజుల్లో ఫిషింగ్ హార్బర్ తెల్లవారకముందే నిద్ర లేస్తుంది. బోట్లు జెట్టీకి వస్తాయి, బుట్టలు దిగుతాయి, వేలం పాట మొదలవుతుంది, ఒక పక్క ఐసు కొడుతుంటారు. వలల గుట్టల కింద, పెట్టెల సందుల్లో ఉండే పిల్లులు ఆ టైమ్‌కి బయటికొస్తాయి. కింద పడిన నెత్తళ్లు, శుభ్రం చేశాక పారేసిన చేప పేగులు, తలకాయలు, ఇదే వాటి తిండి.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరపడవలతో వేట నిషేధం. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి. రిపేర్లు, పెయింటింగ్, వలలు అల్లుకోవడం నడుస్తుంటాయి. వేలం పాట సందడి ఉండదు, చేపల వ్యర్థాలూ ఉండవు.

ఆ రెండు నెలలు మత్స్యకార కుటుంబాలకే కష్టకాలం. ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకి పెంచారు. ఆ డబ్బుతో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్లని “పిల్లులకి కూడా పెట్టండి” అని అడగడం న్యాయం కాదు. బయట ఉద్యోగాలు చేసుకునే మనం ముందుకు రావాల్సిన టైమ్ అదే.

ఇంకో నంబరు చూడండి. పిల్లి గర్భం సుమారు 63 నుంచి 65 రోజులు. మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో, హార్బర్ నిండా చేపలున్నప్పుడు కట్టిన పిల్లి ఎప్పుడు ఈనుతుంది? మే చివర్లో, జూన్ మొదట్లో. అంటే తల్లికి తిండి అన్నిటికంటే ఎక్కువ కావాల్సిన రోజుల్లో హార్బర్‌లో తిండి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. పైగా ఎండలు. కూనలు ఎక్కువ చనిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకక్కర్లేదు.

ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసులోనే కట్టగలదు. ఏడాదికి రెండు మూడు ఈతలు మామూలే. కాబట్టి ఆపరేషన్ లేకుండా తిండి మాత్రమే పెట్టుకుంటూ పోవడం, మెమరీ లీక్ ఉన్న ప్రోగ్రామ్‌కి ర్యామ్ పెంచుకుంటూ పోవడం లాంటిది. కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత అసలు సమస్య ఇంకా పెద్దదై ముందుకొస్తుంది.

దీనికి పరిష్కారం ప్రపంచమంతా వాడుతున్నదే. పిల్లిని బోనుతో పట్టడం, ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, కోలుకున్నాక తిరిగి అదే చోట వదలడం. మత్తులో ఉన్నప్పుడే ఒక చెవి కొసని కొద్దిగా కత్తిరిస్తారు. దూరం నుంచి చూసినా “దీనికి ఆపరేషన్ అయిపోయింది” అని తెలియడానికి ఆ గుర్తు. బ్యాటరీ లేదు, యాప్ లేదు, జీవితాంతం పని చేస్తుంది. నా లెక్కలో ఇదే బెస్ట్ స్టేటస్ ఇండికేటర్.

వేరే చోట ఎందుకు వదలకూడదు? పిల్లి చోటుకి అలవాటు పడే జంతువు. తెలియని చోట నీళ్లు ఎక్కడున్నాయో, దాక్కునే సందు ఎక్కడుందో, కుక్కలు ఎటు నుంచి వస్తాయో దానికి తెలియదు. పైగా మీరు ఖాళీ చేసిన చోటికి ఆపరేషన్ కాని ఇంకో పిల్లి వచ్చి చేరుతుంది.

చేపలొక్కటే పెడితే ఏమవుతుంది?

“పిల్లికి చేపలే కదా తిండి, హార్బర్‌లో పుట్టిందంటే అదృష్టవంతురాలు” అని మా ఆఫీసులో ఒకరు అన్నారు. చాలామంది అనుకునేదీ ఇదే. ఇది సగమే నిజం.

పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం దాని శరీరం తనకి సరిపడా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. టారిన్ తక్కువైతే కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండె జబ్బుకీ టారిన్‌కీ ఉన్న ఈ సంబంధాన్ని 1987లో అమెరికాలో పరిశోధకులు బయటపెట్టిన తర్వాత, క్యాట్ ఫుడ్ కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి. ఇంట్లో పెరుగన్నం, పాలన్నం మీదే పెరిగే పిల్లులకి ఈ ముప్పు ఎక్కువ.

మరి చేపలు? కొన్ని రకాల పచ్చి చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బీ1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. రోజూ అవే పచ్చివి తింటే పిల్లికి తూలడం, ఫిట్స్ లాంటివి రావచ్చు. ఉడికిస్తే ఈ ఎంజైమ్ పనిచేయదు. నూనె ఎక్కువున్న చేపలే నెలల తరబడి పెడితే విటమిన్ ఈ తక్కువై ఒంట్లో కొవ్వు వాచే జబ్బు వస్తుంది. కాబట్టి చేప పెట్టండి, కానీ ఉడికించి, ముళ్లు తీసి, ఉప్పు కారం మసాలా లేకుండా పెట్టండి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మిగతా రోజులు “కంప్లీట్ ఫుడ్” అని ప్యాకెట్ మీద రాసి ఉన్న క్యాట్ ఫుడ్ ఇవ్వండి. లేదా డాక్టర్‌ని అడిగి కోడిమాంసం, కోడి గుండె, లివర్ ఎంతెంత పెట్టాలో తెలుసుకోండి.

పాలు? పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు, విరేచనాలు అవుతాయి. నీళ్లే మంచివి.

ఇంకో రెండు వార్నింగ్స్, ఇవి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఒకటి, పిల్లికి జ్వరం అనిపిస్తే పారాసిటమాల్ ముక్క కూడా వేయొద్దు. దాన్ని విడగొట్టే వ్యవస్థ పిల్లి కాలేయంలో సరిగా లేదు, ప్రాణం పోతుంది. రెండు, కుక్కలకి పేలు, గోమార్ల కోసం వాడే మందుల్లో పర్మెత్రిన్ ఉన్నవి పిల్లికి విషం. డబ్బా మీద చూసి కొనండి.

చిప్, ట్యాగ్, జీపీఎస్: మూడూ ఒకటి కాదు

ఇప్పుడు మన ఏరియాకి వద్దాం. ఈ మూడింటినీ చాలామంది కలిపేస్తారు.

మైక్రోచిప్: బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దగా, సుమారు 12 మిల్లీమీటర్ల పొడవుతో ఉండే గాజు గొట్టం. సూదితో భుజాల మధ్య చర్మం కింద పెడతారు. లోపల బ్యాటరీ లేదు. స్కానర్ దగ్గరికి తెస్తే, దాని కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రంతోనే చిప్‌కి పవర్ అందుతుంది, వెంటనే 15 అంకెల నంబర్ చెబుతుంది. ఐఎస్‌ఓ స్టాండర్డ్ ప్రకారం ఇది 134.2 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. మీ ఫోన్‌లో ఉన్న ఎన్‌ఎఫ్‌సీ నడిచేది 13.56 మెగాహెర్ట్జ్ మీద. అందుకే ఎంత ఫ్లాగ్‌షిప్ ఫోన్ అయినా పిల్లి చిప్‌ని చదవలేదు. వెట్ దగ్గర ఉండే స్కానరే కావాలి, అదీ కొన్ని సెంటీమీటర్ల దూరంలోంచే.

అంటే చిప్ మీ పిల్లి ఎక్కడుందో చెప్పదు. దొరికిన పిల్లి ఎవరిదో చెబుతుంది, అది కూడా ఆ నంబర్‌కి మీ ఫోన్ నంబర్ ఏదైనా డేటాబేస్‌లో జత చేసి ఉంటేనే. హార్బర్‌లో బోట్ల మీద “ఐఎన్‌డీ ఏపీ వీ5 ఎంఎం” అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్లు చూసే ఉంటారు. నంబర్ ఒక్కటే ఉండి రిజిస్టర్‌లో ఓనర్ పేరు లేకపోతే ఏం లాభం? చిప్ కూడా అంతే. ఫోన్ నంబర్ మార్చినప్పుడు అక్కడా మార్చడం మర్చిపోకండి.

బ్లూటూత్ ట్యాగ్: 2021లో ఎయిర్‌ట్యాగ్ 3,190 రూపాయలకి మన దేశంలో వచ్చినప్పటి నుంచి చాలామంది దాన్ని పిల్లి మెడలో వేస్తున్నారు. ఇందులో జీపీఎస్ లేదు. చుట్టుపక్కల వెళ్లే ఐఫోన్లు దాని బ్లూటూత్ సిగ్నల్ విని, తమ లొకేషన్‌ని ఆపిల్ సర్వర్‌కి పంపుతాయి. చుట్టూ ఐఫోన్లు లేకపోతే మీకు అప్‌డేట్ రాదు. ఆపిల్ కూడా ఇది వస్తువుల కోసమే అంటుంది, జంతువుల కోసం కాదు. ఆండ్రాయిడ్‌కి గూగుల్ నెట్‌వర్క్ ట్యాగ్‌లు ఉన్నాయి. కానీ ప్రైవసీ కోసం డీఫాల్ట్ సెట్టింగ్‌లో, జనం ఎక్కువున్న చోట చాలా ఫోన్లు ఆ ట్యాగ్‌ని గుర్తిస్తేనే లొకేషన్ చూపిస్తుంది. అర్ధరాత్రి సందులో దాక్కున్న పిల్లికి ఇది పెద్దగా పనికిరాదు. కానీ అపార్ట్‌మెంట్‌లోనే ఎక్కడో నక్కిన పిల్లిని బీప్ సౌండ్‌తో వెతకడానికి బాగుంటుంది.

జీపీఎస్ ట్రాకర్: ఇందులో శాటిలైట్ రిసీవర్, సిమ్, బ్యాటరీ మూడూ ఉంటాయి. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే జీపీఎస్ సిగ్నల్ చాలా బలహీనం. ఇనుప బోటు కిందకో, రేకుల షెడ్డులోకో, కాంక్రీట్ సందులోకో పిల్లి దూరితే లొకేషన్ ఎగిరిపడుతుంది, లేదా అసలు రాదు. పిల్లులు దాక్కునేది సరిగ్గా అలాంటి చోట్లే. దీనికితోడు నెలనెలా సబ్‌స్క్రిప్షన్, రెండు మూడు రోజులకోసారి చార్జింగ్. మూడు కిలోల పిల్లి మెడకి 30 గ్రాముల బరువు తక్కువేం కాదు.

ఏ కాలర్ అయినా గట్టిగా లాగితే ఊడిపోయే బకిల్ ఉన్నదే కొనండి. లేకపోతే వలకో, గేటుకో, చెట్టు కొమ్మకో తగులుకుని మెడ బిగుసుకుపోతుంది. నా పులస కాలర్ ఊడిపోయింది కాబట్టే అది బతికింది. అంటే లొకేషన్ పోగొట్టిన ఫీచరే ప్రాణం కాపాడింది. అందుకే ట్రాకర్‌ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, చిప్ ఉండాల్సిందే. ఇంకా చవకైన ఐడియా ఒకటుంది. కాలర్ మీదే పెద్ద అంకెలతో మీ ఫోన్ నంబర్ రాయించండి. బుట్ట దించుకునే పిన్నికి స్కానర్, యాప్ ఏదీ అక్కర్లేదు.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకో మాట. ఐపీ67 అంటే ఒక మీటర్ లోతు మంచినీళ్లలో 30 నిమిషాల టెస్ట్. ఉప్పునీళ్లకి, ఉప్పుగాలికి ఆ గ్యారంటీ లేదు. చార్జింగ్ పిన్నులు పచ్చగా చిలుము పట్టకుండా అప్పుడప్పుడు తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి.

ఫీడర్, ఫౌంటెన్, కెమెరా: ఏది పని చేస్తుంది?

ఆటోమేటిక్ ఫీడర్ మంచి వస్తువే. కానీ యాప్ ఎంత బాగుందో చూసి కొనొద్దు, నెట్ పోతే ఏమవుతుందో చూసి కొనండి. 2016లో అమెరికాలో పెట్‌నెట్ అనే కంపెనీ సర్వర్ సమస్య వల్ల స్మార్ట్ ఫీడర్లు కొన్ని గంటలపాటు పనిచేయలేదు. 2020లో మళ్లీ అదే కథ. మన దగ్గర సర్వర్ దాకా వెళ్లక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని తాకినప్పుడు కరెంటు, మొబైల్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. కాబట్టి షెడ్యూల్ ఫీడర్ లోపలి మెమరీలోనే సేవ్ అవ్వాలి. మామూలు బ్యాటరీ సెల్స్‌తో బ్యాకప్ ఉండాలి. మన తేమకి గింజలు మెత్తబడకుండా మూత గట్టిగా ఉండాలి. తుఫాను హెచ్చరిక వస్తే ఫీడర్ మీద వదిలేసి ఊరెళ్లొద్దు. క్యారియర్, వారం తిండి, నీళ్లు, టీకాల కార్డు ఫొటో సిద్ధంగా ఉంచుకోండి.

వాటర్ ఫౌంటెన్ ఉపయోగమే. కదిలే నీళ్లని చాలా పిల్లులు ఇష్టంగా తాగుతాయి. కానీ మోటర్‌ని వారానికోసారి విప్పి కడగకపోతే జిగురు పడుతుంది. కడిగే ఓపిక లేకపోతే రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెలతో నీళ్లు పెట్టండి, సరిపోతుంది.

ఇండోర్ కెమెరా ప్రాణం కాపాడే సందర్భం ఒకటుంది. దాన్ని పిల్లి మలమూత్రాలకి వెళ్లే ట్రే వైపు పెట్టండి. మగ పిల్లి పదే పదే ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, మూత్రం చుక్క కూడా రాకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అది “రేపు చూద్దాం” అనుకునే సమస్య కాదు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆఫీసులో ఉన్నప్పుడు మోషన్ అలర్ట్‌లు ఒక గంటలో పదిసార్లు వస్తే లేచి బయల్దేరండి. అలాగే పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఖాళీ కడుపుతో ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకునే ప్రమాదం పిల్లులకి ఎక్కువ.

వద్దనే లిస్టులో అల్ట్రాసోనిక్ ఎలుకల యంత్రం ముందుంటుంది. మనకి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే వినిపిస్తుంది. పిల్లికి 60 కిలోహెర్ట్జ్ పైన కూడా వినిపిస్తుంది. మనకి నిశ్శబ్దంగా ఉన్న గది దానికి సైరన్ మోగుతున్న గది. లేజర్ పాయింటర్ ఆడించొచ్చు, కానీ కళ్లలో పడకూడదు. ఎంత పరిగెత్తినా చేతికేదీ దొరక్కపోతే పిల్లికి చిరాకు, అందుకని ఆట చివర్లో ఒక బొమ్మో, తిండి ముక్కో దొరికేలా చేయండి.

మీ జేబులో ఉన్నదే బెస్ట్ రెస్క్యూ గ్యాడ్జెట్

రెస్క్యూ పనికి సాయం చేయాలంటే ఏదో కొనక్కర్లేదు. ఫోన్ చాలు.

హార్బర్‌లో ఎన్ని పిల్లులున్నాయి, ఎన్నింటికి ఆపరేషన్ అయింది అనే లెక్క లేకపోతే పని ముందుకు కదలదు. నేను చేసే పద్ధతి సింపుల్. ప్రతి పిల్లికి నాలుగు ఫొటోలు: ముఖం, ఎడమ పక్క, కుడి పక్క, తోక. ఒక షీట్‌లో ఒక వరస: చూసిన చోటు, ఆడా మగా, చెవి గుర్తు ఉందా, గాయాలేమైనా ఉన్నాయా, చివరిసారి చూసిన తేదీ. గూగుల్ ఫొటోస్‌లో 2017 నుంచి పెంపుడు జంతువుల ముఖాలని కూడా గ్రూప్ చేసే ఫీచర్ ఉంది. చారల పిల్లులకి బాగానే పని చేస్తోంది. నల్ల పిల్లులన్నిటినీ మాత్రం ఒకటే అనుకుంటుంది, వాటిని చేత్తో విడగొట్టాలి.

ఫొటో టిప్స్: నేల మీద కూర్చుని పిల్లి కళ్ల ఎత్తులో తీయండి. ఫ్లాష్ వద్దు, కళ్లు మెరిసి రంగు తెలియదు, పిల్లి బెదురుతుంది. తెల్లవారాక వచ్చే మెత్తటి వెలుగులో బర్స్ట్ మోడ్‌లో తీస్తే పదిలో ఒకటి అద్భుతంగా వస్తుంది. దత్తత పోస్ట్‌కి ఆ ఒక్క ఫొటో చాలు. పులస కూనలకి నేను ముందు పెట్టిన మసక ఫొటోలకి ఒక్క మెసేజ్ రాలేదు. కిటికీ దగ్గర మళ్లీ తీసి పెట్టిన వారంలోనే ఇద్దరు అడిగారు.

లొకేషన్ విషయంలో జాగ్రత్త. “ఫలానా జెట్టీ దగ్గర పిల్లులకి రోజూ తిండి పెడుతున్నాం” అని మ్యాప్ పిన్‌తో పోస్ట్ చేస్తే, తమకి అక్కర్లేని పిల్లుల్ని తెచ్చి అక్కడే వదిలేసేవాళ్లు తయారవుతారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలోంచి లొకేషన్ డేటా తీసేస్తారు, కానీ డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. పోస్ట్ చేసే ముందు కెమెరా సెట్టింగ్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి.

చేత్తో పట్టుకునే హీరోయిజం వద్దు. భయపడ్డ పిల్లి కరుస్తుంది. కరిచినా, రక్కినా సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. బోను, దాని మీద కప్పడానికి దుప్పటి ఉంటే పని సులువు. చీకటి అయితే పిల్లి శాంతిస్తుంది.

ఒంటరిగా కూనలు కనిపిస్తే వెంటనే ఎత్తుకు రావొద్దు. తల్లి తిండికి వెళ్లి ఉండొచ్చు. దూరంగా ఉండి కొన్ని గంటలు చూడండి. నిజంగా తల్లి లేకపోతే ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. ఒళ్లు చల్లబడిన కూనకి పాలు పడితే అరగవు. ఆవు పాలు కాదు, కూనల కోసం అమ్మే పాలపొడి వాడాలి.

ఇంకొకటి. హార్బర్ మత్స్యకారులు పనిచేసే చోటు, మనకి పిక్నిక్ స్పాట్ కాదు. వేలం జరిగేటప్పుడు అడ్డం పడకుండా, వాళ్లని అడిగి, తిండి పెట్టే చోటు, టైమ్ ఖాయం చేసుకోండి. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు కూడా వీధి జంతువుల తిండికి చోటు, టైమ్ నిర్ణయించుకుని పెట్టమనే చెబుతున్నాయి. పెట్టిన అరగంటకి గిన్నెలు తీసి శుభ్రం చేయండి. పిల్లుల్ని కొట్టడం, తరిమి హింసించడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరమే. కానీ చట్టం పేరు చెప్పి గొడవ పడటం కంటే చీపురు పట్టుకోవడం ఎక్కువ పని చేస్తుంది, నా అనుభవం ఇది.

డబ్బు పంపే ముందు రెండు నిమిషాలు

విశాఖలో 1996 నుంచి పనిచేస్తున్న విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్, హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు మనకి తెలిసినవే. అవి కాకుండా సొంత జీతంతో పిల్లుల్ని చూసుకునేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్ల పేరు చెప్పుకుని దొంగ ఫొటోలతో డబ్బు గుంజేవాళ్లూ ఉన్నారు.

“అర్జెంట్, ఆపరేషన్‌కి 15,000 కావాలి” అనే పోస్ట్ కనిపిస్తే ముందు ఆ ఫొటోని గూగుల్ లెన్స్‌లో వెతకండి. వేరే దేశంలో ఎప్పుడో వచ్చిన ఫొటో అయితే అక్కడే తెలిసిపోతుంది. క్లినిక్ పేరు అడిగి ఫోన్ చేయండి. వీలైతే డబ్బు నేరుగా క్లినిక్ యూపీఐకే పంపండి. గుర్తుంచుకోండి, డబ్బు పంపడానికే పిన్ కావాలి, తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు. మీరే డబ్బు సేకరిస్తుంటే, ప్రతి బిల్లు ఫొటో, మిగిలిన బ్యాలెన్స్ అందరికీ కనిపించే షీట్‌లో పెట్టండి. రెండోసారి అడిగినప్పుడు జనం ఇవ్వడానికి కారణం అదే అవుతుంది.

డబ్బు ఇవ్వలేకపోతే పాత తువ్వాళ్లు, అట్టపెట్టెలు, వారం రోజులు ఒక పిల్లిని ఆపరేషన్ తర్వాత మీ బాత్రూమ్‌లో ఉంచుకోవడం, బైక్ మీద క్లినిక్‌కి తీసుకెళ్లడం, ఇవన్నీ సాయమే.

ఫైనల్ వర్డిక్ట్: కొనే ఆర్డర్

1. ఆపరేషన్. ఐదో నెల వచ్చేసరికి డాక్టర్‌తో మాట్లాడి డేట్ తీసుకోండి.

2. టీకాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలు, డాక్టర్ చెప్పిన గ్యాప్‌లో మిగతా డోసులు, రేబిస్ టీకా తప్పనిసరి.

3. మైక్రోచిప్. ఆపరేషన్ మత్తులోనే పెట్టించేస్తే రెండోసారి తిప్పక్కర్లేదు.

4. గట్టి క్యారియర్, కిటికీలకి మెష్. పులస దూకిన కిటికీకి మెష్ వేయించడానికి అయిన ఖర్చు, ఆ జీపీఎస్ కాలర్ ధరలో సగం కూడా లేదు.

5. ఫోన్ నంబర్ రాసిన, ఊడిపోయే బకిల్ ఉన్న కాలర్.

6. ఇవన్నీ అయ్యాక, డబ్బు మిగిలితే, కెమెరా, ఫీడర్, ఫౌంటెన్. అన్నిటికంటే చివర ట్రాకర్.

ట్రాకర్ కోసం పక్కన పెట్టిన బడ్జెట్ ఉందా? ఒక పని చేయండి. ఈసారి దాన్ని మార్చి నెలలోనే ఒక వీధి పిల్లి ఆపరేషన్‌కి వాడండి. ఏప్రిల్ 15న బోట్లు ఆగేసరికి, ఆ ఎండల్లో ఖాళీ జెట్టీ మీద పాలిచ్చే తల్లి ఒకటి తగ్గుతుంది. నేను చేసిన తప్పుకి నాలుగు కూనలు పుట్టాయి. ఈ ఏడాది మార్చిలో నా షీట్‌లో చెవి గుర్తు కాలమ్‌లో రెండు టిక్‌లు పడ్డాయి. హార్బర్ మొత్తానికి అది చిన్న నంబరే, కానీ ఆ రెండు పిల్లులకి అదే మొత్తం.